రేడియేటర్ మూత వేడి మీద తీసినవాణ్ణి

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపమెక్కువ. అమలాపురంలో ఒక కార్ల వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళ పైచిలుకు పనిచేసి, హెడ్ మెకానిక్‌గా రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే కోపం దానంతటదే తగ్గుతుందన్నారు మా వాళ్ళు. తగ్గలేదు. ఇవాళ పొద్దున్నే మా వీధిలో ఒకాయన కారు బానెట్ ఎత్తి, చెంబుతో పంపు నీళ్ళు కూలెంట్ ట్యాంకులో పోస్తుంటే ప్రహరీ మీంచి కేకేశాను. "నీళ్ళేగా అండీ" అన్నారాయన నవ్వుతూ. ఈ "నీళ్ళేగా" అన్న మాట విని విని నా జుట్టు నెరిసింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం ఒక సంగతి రాద్దామని కూర్చున్నాను. ఇది నేను బాగుచేసిన బండి కథ కాదు, పాడుచేసిన బండి కథ. చదివాక నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు, ఆ మాటకొస్తే నేనే చాలాసార్లు తిట్టుకున్నాను.

కూలెంట్ అంటే రంగునీళ్ళు కాదర్రా. ఇంజను వేడిని లాక్కెళ్ళి రేడియేటర్‌లో వదులుతుంది. అంతేకాక, తొందరగా మరిగిపోకుండా, లోపలి లోహం తుప్పు పట్టకుండా కాపాడే మందు అందులో కలిసి ఉంటుంది. ఏ కారుకి ఏ రకం పొయ్యాలో, ఎన్నాళ్ళకి మార్చాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా పదేళ్ళు పడి ఉంటుంది. జనం మాత్రం రంగు చూసి కొంటారు. మా స్టోర్ చూసే ఆయనా అంతే. ఎవరొచ్చి అడిగినా ఎర్ర సీసా, ఆకుపచ్చ సీసా రెండూ ఎత్తి, చీరలకొట్లో లాగా వెలుతురులో తిప్పి చూపించేవాడు. రంగు తయారుచేసేవాడి ఇష్టమయ్యా, లోపలి మందు చూడు, రెండు రకాలు కలిపితే ముద్దకడుతుంది అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తే, "ఆయ్" అనేవాడు. మర్నాడు మళ్ళీ వెలుతురులో తిప్పేవాడు.

దీనికి తోడు మా వైపు ఉప్పు. అల్లవరం దాటి సముద్రం వైపు వెళ్తే చాలాచోట్ల బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం, చుట్టూ రొయ్యల చెరువులు. ఆ నీళ్ళు పోసుకుని వచ్చిన బళ్ళ రేడియేటర్లు విప్పితే లోపల గొట్టాలు చిల్లులు పడి ఉండేవి. చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒకరోజు నేనే ఎర్ర రంగు, కుంచె తీసుకుని ఒక బోర్డు రాసి గేటు పక్కన వేలాడదీశాను. 'రేడియేటర్‌లో ఉప్పునీళ్ళు పొయ్యరాదు. పోసినవారి బండి ముట్టుకోబడదు.' రెండో వాక్యం చూసుకుని నేను తెగ మురిసిపోయేవాణ్ణి.

ఆ బోర్డు చదివి, దాన్ని అక్షరాలా పాటించిన ఒకే ఒక్క మనిషి వల్ల నాకు ఈ కథ దక్కింది.

అతను గల్ఫ్‌లో పదేళ్ళు డ్రైవరుగా చేసి తిరిగొచ్చి, ఒక సెకండ్ హ్యాండ్ కారు కొని అద్దెకి తిప్పుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, అల్లవరం అవతల సముద్రానికి దగ్గర్లో ఊరు. వట్టి నెమ్మదస్తుడు. నేను గొంతు పెంచితే చాలు, చేతులు వెనక్కి కట్టుకుని నేల చూసేవాడు. అతని బండికి ఖాయంగా ఉన్న బేరం ఒక్కటే. వాళ్ళ ఊళ్ళోనే కొబ్బరి తోట ఉన్న ఒకావిడ, అరవై దాటినావిడ, కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేస్తే, వారానికి మూడుసార్లు అమలాపురం ఆసుపత్రికి డయాలసిస్‌కి వచ్చేవారు. అతను ఆవిణ్ణి పిన్నిగారూ అనేవాడు. ఆసుపత్రిలో మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఇచ్చిన టైముకి వెళ్ళకపోతే మిషను ఇంకొకరికి పోతుంది, మళ్ళీ ఖాళీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చోవాలి. అంటే ఆ కారు దారిలో ఆగితే ఆవిడ ప్రాణం మీదికొస్తుందన్నమాట. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను ఇదంతా.

అంతకుముందు సర్వీసింగ్‌కి వస్తూ ఉండేవాడే కానీ, ఈ జబ్బుతో మొదటిసారి ఎండాకాలం మొదట్లో వచ్చాడు. "వేడి ముల్లు పైకి లేచిపోతందండీ మేస్త్రీ గారూ" అన్నాడు. బండి చల్లారాక మూత తీసి చూస్తే, లోపల గోధుమరంగులో జిగటగా ఉంది. ముక్కుకి తియ్యటి వాసన తగిలింది. కూలెంట్‌కి సహజంగానే తియ్యటి వాసనుంటుంది. అందుకే వీధికుక్కలు నాకుతాయి, నాకితే చచ్చిపోతాయి. అందుకే పాత కూలెంట్ కాలవలో పారబొయ్యకూడదు, డబ్బాలోకి పట్టి, అలాంటి వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి అప్పజెప్పాలి. సరే, తియ్యటి వాసన కాబట్టి ఇది కూలెంటే, పాతబడిపోయింది, ఎక్కడో కారుతోంది అని అక్కడికక్కడ తేల్చేశాను.

మా ఎలక్ట్రీషియన్ పక్కనే ఉన్నాడు. అతను గొంతెత్తి మాట్లాడటం నేను ఏనాడూ వినలేదు. కస్టమర్లు నా దగ్గర దాచినవన్నీ అతని చెవిలో చెప్పి వెళ్ళేవారు, అది చూసి నాకు ఒళ్ళు మండేది. అతను వంగి వాసన చూసి, "ఇది వేరేగా ఉందండీ. పులిసినట్టుంది. ఏం పోసేడో ఒకసారి నెమ్మదిగా అడగండీ" అన్నాడు.

"నువ్వు వైర్లు చూసుకో" అన్నాను.

అయినా అడిగాను. ఎలా అడిగానో వినండి. "ఏంటయ్యా, ఉప్పునీళ్ళు పోసేవా?"

"అయ్యబాబోయ్, లేదండీ! ఉప్పునీళ్ళు చుక్క కూడా పొయ్యలేదండీ" అన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. నిజమే చెప్పాడు. నేను అడిగిందే తప్పు.

ఒక హోస్ పైపు మార్చాను. పాతదంతా దించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన సరైన కూలెంట్ నింపాను. అలా నింపాక ఒక పని ఉంటుంది, శ్రద్ధగా వినండి. హీటరు పెట్టి, ఇంజను నడిపి, లోపల చిక్కుకున్న గాలి బుడగలన్నీ బయటికొచ్చేదాకా ఆగాలి. తరవాత బండి పూర్తిగా చల్లారనిచ్చి, మట్టం ఎంత తగ్గిందో చూసి, అంతా నింపాలి. ఆవేళ పిన్నిగారికి టైమవుతోందని అతను గడియారం చూస్తున్నాడు, ఇంకో మూడు బళ్ళున్నాయని నేను చూస్తున్నాను. చల్లారేదాకా ఆగలేదు. "లెవెలు తగ్గితే మంచి నీళ్ళు పొయ్యి, ఉప్పునీళ్ళు మాత్రం పోసేవంటే ఊరుకోను" అని పంపించేశాను. లోపలి గాలి బయటికొచ్చాక మట్టం తగ్గక ఏమవుతుంది? తగ్గింది.

రెండు వారాలకి మళ్ళీ వచ్చాడు. మూత తీస్తే మళ్ళీ గోధుమరంగు, మళ్ళీ జిగట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను స్వయంగా నింపిన కూలెంట్ పదిహేను రోజుల్లో ఇలా అయిందంటే నా పనిని వెక్కిరించినట్టే కదా! వర్క్‌షాపంతా వినబడేలా నోరు పారేసుకున్నాను. గల్ఫ్‌లో ఇదేనా నేర్చుకున్నది, బండంటే ఎడ్లబండి అనుకున్నావా, ఇలా ఏమేమిటో. 

"అది కాదండీ మేస్త్రీ గారూ, మొన్న దారిలో..."

"దారిలో ఏంటి? నాకేం చెప్పకు!"

చెప్పలేదు. కారు వెనక సీట్లో కూర్చున్న పిన్నిగారు కూడా ఏదో అనబోయి, నా మొహం చూసి, అద్దం పైకెత్తేసుకున్నారు. నేను వాటర్ పంపు మార్చేశాను. పాపం, ఆ పంపుకి ఏ జబ్బూ లేదు. ఎలక్ట్రీషియన్ మళ్ళీ నా వంక చూశాడు. నేను అతని వంక చూడలేదు.

తరవాత పది రోజులకి ఫోనొచ్చింది. పొద్దున్న తొమ్మిదిన్నర. "బండి మరిగిపోయి ఆగిపోయిందండీ. పిన్నిగారు లోపలే ఉన్నారండీ. పొద్దున్నించీ ఆవిడకి ఒంట్లో బాగాలేదండీ. ఇటేపు ఒక్క ఆటో కూడా రావట్లేదండీ." వర్క్‌షాపు వ్యాను తీసుకుని బయల్దేరాను.

అల్లవరం ఇవతల, కాలవ గట్టు రోడ్డు మీద బండి ఆగి ఉంది. బానెట్ ఎత్తి ఉంది, లోపల్నించి బుసబుసమని ఆవిరి. మూసేసిన ఒక కిళ్ళీకొట్టు చూరు కింద పిన్నిగారిని కూర్చోబెట్టాడు. ఆవిడ మోకాళ్ళు ఒత్తుకుంటున్నారు. ఆ క్షణంలో బుద్ధున్నవాడు ఏం చెయ్యాలి? కారుని అలా వదిలేసి, ఆవిణ్ణి వ్యానెక్కించి తీసుకుపోవాలి. నేనేం చేశాను? రెండుసార్లు నేను బాగుచేసిన బండి మూడోసారి నడిరోడ్డు మీద నా పరువు తీస్తోందన్న ఉక్రోషంతో తిన్నగా రేడియేటర్ దగ్గరికి నడిచాను.

వేడి ఇంజను మూత తియ్యకూడదు. అరగంటైనా ఆగాలి. పై హోస్ చేత్తో పట్టుకుంటే చల్లగా ఉండాలి. అప్పుడు కూడా మందపాటి గుడ్డ కప్పి, మొహం పక్కకి పెట్టి, కొంచెం తిప్పి, ఆవిరి పోనిచ్చి, ఆ తరవాతే పూర్తిగా తియ్యాలి. ఈ మాట ఎన్ని వందల మందికి చెప్పానో నాకే తెలీదు.

"వేడిగా ఉందండీ, ఆగుదామండీ. మీరే చెప్పేరు కదండీ" అన్నాడతను.

"నాకు చెప్తున్నావా నువ్వు?" అంటూ జేబులో రుమాలు తీసి మూత మీద వేసి ఒక్క తిప్పు తిప్పాను.

మూత ఎగిరి కాలవలో పడింది. మరిగే ద్రవం నిలువునా లేచి కుడిచేతి మీద మోచేతిదాకా పడింది. నేను అరిచిన అరుపు ఆవేళ కోపంతో అరిచింది కాదు. అతను పరిగెత్తుకొచ్చి మా వ్యానులో ఉన్న తాగే నీళ్ళ సీసా మొత్తం నా చేతి మీద పోశాడు, తరవాత ఇంకో సీసా. ఆ నొప్పిలో, నా తడి చొక్కా చేతి మీంచి ఒక వాసన వచ్చింది. మాడిన కొబ్బరిలౌజు వాసన. మా ఇంట్లో పాకం ముదిరిపోయినప్పుడు వచ్చేది అచ్చం అదే వాసన.

"ఏం పోసేవయ్యా ఇందులో?" అన్నాను. గట్టిగా అడిగే ఓపిక లేక నెమ్మదిగా అడిగాను.

మొట్టమొదటిసారి తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. "కొబ్బరినీళ్ళండీ."

తడి చొక్కా చెయ్యి మళ్ళీ ఒకసారి వాసన చూశాను.

"దారిలో లెవెలు తగ్గేదండీ. మా వైపు ఏ బోరు చూసినా ఉప్పేనండీ, తాగే నీళ్ళు డబ్బాల్లో కొనుక్కోవాల్సిందేనండీ. ఉప్పునీళ్ళు పోస్తే బండి ముట్టుకోనని మీరు బోర్డు రాసేరు కదండీ. ఉప్పు లేని నీళ్ళంటే మాకు బొండాల్లో ఉన్నవే కదండీ. మెత్తటి గుడ్డతో వడగట్టి మరీ పోసేనండీ."

వడగట్టాడట! ఆ నీళ్ళలో చక్కెర ఉంటుంది, ఉప్పగా లేకపోయినా లోహాన్ని తినే లవణాలుంటాయి. ఇంజను వేడికి పులిసి, పాకమై, గొట్టాలన్నిటికీ అంటుకుపోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. కానీ నా బోర్డు మీద ఆ ముక్క లేదు. అతను చెప్పబోయినప్పుడు నోరు నొక్కేసింది నేనే.

"ఆ అబ్బాయినేం అనకండి బాబూ. బొండాలు నేనే ఇచ్చేను" అన్నారు పిన్నిగారు, చూరు కింద నుంచి.

ముగ్గురం వ్యానెక్కాం. అతను నడుపుతున్నాడు, పిన్నిగారు మధ్యలో, నేను చేతికి తడి తువ్వాలు చుట్టుకుని తలుపు పక్క. ఆవిడ టైము అప్పటికే దాటిపోయింది. మాట్లాడుతుంటే ఆయాసపడుతున్నారు.

"నన్ను కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. కిడ్నీ పోయినవాళ్ళకి అవి విషంతో సమానమట. తోటలో కాయలు దింపు తీసిన ప్రతిసారీ గుటకలు మింగుతూ కూర్చోడమే నా పని. నాకెలాగూ ప్రాప్తం లేదు, బండైనా తాగుతుందని ఇచ్చేను."

కొంతదూరం పోయాక ఆవిడ నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగారు.

"ఒకటి చెప్తే అరవరు కదా బాబూ?"

"అరవనండీ."

"బండి కోసం కొట్టిన బొండాల్లోంచి నేనూ తాగేను. మొన్నో గ్లాసు, నిన్న రెండు. ఎండలకి ఉండబట్టలేకపోయేను. పొద్దున్నించీ కాళ్ళు లేవట్లేదు. గుండె ఒక్కోసారి ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టుంది."

డ్రైవరు చేతిలో స్టీరింగ్ కదిలింది.

"ఆసుపత్రిలో చెప్తారా?" అన్నాను.

"అమ్మో, చెప్పను. ఆ డాక్టరమ్మ గారు కూడా మీలాగే కసురుతారు."

మీలాగే! ఆ మాటకి చెయ్యి మంట కూడా ఒక్క క్షణం తెలియలేదు. తెలిసి తెలిసి విషం తాగి, అడిగితే తిడతారని దాచుకుని చచ్చిపోతారా అని గట్టిగా అరవబోయాను. గొంతుదాకా వచ్చింది. వస్తే ఏమవుతుందో కూడా కనబడింది. ఆవిడ అద్దం ఎత్తేసుకున్నట్టే నోరు మూసేసుకుంటారు, బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం చూస్తారు, అంతే. అరుపు మింగేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైన పని అదే.

"అమ్మా, మీరు తాగకూడనిది తాగేరు. నేను తియ్యకూడని మూత తీసేను. ఇద్దరం వెళ్ళి చెప్పేద్దాం. ముందు నేను చెప్తాను, ఆవిడ తిట్లన్నీ నా మీదే అయిపోతాయి" అన్నాను.

పిన్నిగారు నవ్వారు. "అయితే సరే" అన్నారు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయికంటే చిన్నది. డ్రైవరు చక్రాల కుర్చీలో పిన్నిగారిని తోసుకొచ్చాడు. నేను ఆ కుర్చీ పక్కనే నిలబడి, చెయ్యి చూపించి, జరిగింది చెప్పాను. "ఇన్నేళ్ళు మెకానిక్ అయ్యుండి వేడి రేడియేటర్ మూత తీశారా? మీకు తెలీదా?" అని ఆవిడ అందుకుంది. నేను చేతులు వెనక్కి కట్టుకోబోయాను, కాలిన చెయ్యి వంగక మానేశాను. ఆవిడ ఊపిరి తీసుకునేందుకు ఆగినప్పుడు చెప్పాను. "డాక్టరమ్మ గారూ, ఈ పూట కోపమంతా నా మీద పెట్టేయండి. ఇప్పుడీ అమ్మగారు మీకొక మాట చెప్తారు. దయచేసి అరవకండి. అరిస్తే ఇంకెప్పుడూ చెప్పరు."

పిన్నిగారు చెప్పారు. గ్లాసుల లెక్కతో సహా చెప్పారు.

డాక్టరమ్మ అరవలేదు. పిన్నిగారి మణికట్టు పట్టుకుని చూసి, వెంటనే పడుకోబెట్టమంది. ఛాతీకి వైర్లు తగిలించారు, రక్తం తీశారు, ఏవో ఇంజెక్షన్లు ఇచ్చారు, ఇంకొకరి కోసం సిద్ధం చేసిన మిషను ఖాళీ చేయించి ఆవిడకి పెట్టారు. మధ్యాహ్నం నా చేతికి కట్టు కట్టించుకుని వెళ్ళబోతుంటే డాక్టరమ్మ వరండాలోకి వచ్చింది. "ఆవిడ చెప్పకపోతే మేము మామూలుగా సాయంత్రం వరసలో కూర్చోబెట్టేవాళ్ళమండీ. గుండె అప్పటిదాకా తట్టుకునేది కాదేమో" అంది. డ్రైవరు గోడకి ఆనుకుని మొహం కప్పుకుని ఏడ్చేశాడు. నేను కూడా ఏడ్చాను, చెయ్యి నొప్పి అని చెప్పాను.

తరవాత ఆ బండి పని మళ్ళీ మొదట్నించీ చేశాం. నా చెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎలక్ట్రీషియన్, ఇంకొకరు చేశారు, నేను స్టూలు మీద కూర్చుని చూశాను. మంచి నీళ్ళు నింపడం, నడపడం, చల్లారనివ్వడం, దించడం. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఎన్నిసార్లు దించామో లెక్కపెట్టలేదు. వేడిని బట్టి కూలెంట్‌ని వదిలే థర్మోస్టాట్ పాకంలో పడేసినట్టు అయిపోయింది, అదీ మార్చాం. పుస్తకంలో ఉన్న రకమే పోశాం. గాలంతా పోయేదాకా ఆగాం, చల్లారేదాకా ఆగాం, మళ్ళీ మట్టం చూశాం. కలిపి ఉంచిన కూలెంట్ క్యాను ఒకటి అతని డిక్కీలో పెట్టించాను. ఇంత జరిగినా ఎలక్ట్రీషియన్ 'నేను ముందే చెప్పేను కదా' అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది, కాసేపు పోట్లాడుకునేవాళ్ళం.

బోర్డు దించేసి కొత్తది రాశాను, ఎడం చేత్తో, వంకర అక్షరాలతో. 'ఏం పోశారో చెప్పండి. ఎవరూ తిట్టరు.' మర్నాడే ఒక పెద్దమనిషి వచ్చి దాన్ని రెండుసార్లు చదివి, నన్ను పక్కకి పిలిచి, "గంజి నీళ్ళండీ. చలవ చేస్తదని" అన్నాడు. నేను వెనక షెడ్డులోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి కాసేపు నిలబడి, తిరిగొచ్చి, "సంతోషమండీ, చెప్పేరు, చాలా మంచిది" అన్నాను. పిల్లలూ, ఈ పనిలో బోల్టులు తిప్పే పానాలు పట్టుకోవడం ఎవరైనా నేర్పుతారు. ఆ షెడ్డులోకి వెళ్ళి తిరిగి రావడం ఎవరూ నేర్పరు.

ఆ డ్రైవరు నెలకోసారి కూలెంట్ మట్టం చూపించుకోడానికి వచ్చేవాడు, నేను రిటైరయ్యేదాకా. ఎప్పుడూ ఆసుపత్రికి వెళ్ళే దారిలోనే వచ్చేవాడు, వెనక సీట్లో పిన్నిగారు. నేను బానెట్ దించగానే ఆవిడ అద్దం కిందికి దించి నన్ను దగ్గరికి రమ్మనేవారు.

"బాబూ, నిన్న సగం మావిడిపండు తిన్నాను."

నేను పళ్ళు బిగబట్టి, కాలిన మచ్చ మీద చెయ్యేసుకుని, ఎంత నెమ్మదిగా అడగగలనో అంత నెమ్మదిగా అడిగేవాణ్ణి. "డాక్టరమ్మ గారికి చెప్పేరాండీ?"

"ఇదుగో, ఇప్పుడెళ్ళి చెప్తాను" అనేవారావిడ. "ముందు మీకు చెప్పి ధైర్యం తెచ్చుకుంటున్నాను."